గబ్బిలాల రికార్డుల్లో మూలుగు

రాయదుర్గంలో మా ఆఫీసు ఎనిమిదో అంతస్తు. అక్కడ కూర్చుని నేను సముద్రపు ఒడ్డు గబ్బిలాలను వినేదాన్ని. అక్కడి మడ అడవిలో ఏడాది పొడవునా ఒక రికార్డర్ పెట్టి ఉంచారు. దాన్ని చూసుకునే ఆయన ఆ ఊరివాడే. నెలనెలా బ్యాటరీలు మార్చి, నిండిన మెమరీ కార్డు కొరియర్‌లో నాకు పంపేవాడు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

గబ్బిలం కూత మన చెవికి అందదు. పది రెట్లు నెమ్మది చేస్తేనే వినిపిస్తుంది. అలా వింటుంటే ప్రతి కార్డు మొదట్లోనూ ఒక మూలుగు వచ్చేది, ఎవరో నొప్పి ఓర్చుకోలేక గొంతు సాగదీస్తున్నట్టు. పట్టపగలు, అంతమంది మధ్య కూర్చుని కూడా నాకు ఒళ్లు జలదరించేది. పక్క సీటామెకు హెడ్‌ఫోన్లు ఇచ్చాను.

"ఏందక్కా గిది, దయ్యమా? కంప్యూటర్‌కు జర నిమ్మకాయ కట్టు," అని నవ్వింది.

నాకు మండింది. అసలే ఓపిక తక్కువదాన్ని. గబ్బిలం కానిదంతా చెరిపెయ్యమని మాకు చెప్పారు. చెరిపేసి, ఖాళీ కార్డు ఆయనకే తిప్పి పంపేదాన్ని. పదకొండు నెలలు అదే చేశాను. ఆ మూలుగు మాత్రం బోరబండలో మా ఇంటిదాకా వచ్చేది. గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వినిపించేది.

పన్నెండో కార్డు వచ్చిన వారానికి, నేను పంపే కవరు మీద నంబరు చూసి ఆయన భార్య ఫోన్ చేసింది. ఆయన జ్వరంతో పోయాడట.

"కార్డు మార్చినప్పుడల్లా తేదీ, చోటు పైకి చెప్పమన్నారంటండి. ఆ మిషన్‌తో మాట్లాడేవారండి. ఇంట్లో ఆయన గొంతు ఎక్కడా లేదండి. ఒక్కటి వినిపిస్తారా?"

ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఇంకా చెరపని పన్నెండో కార్డు తెరిచి, మూలుగును మామూలు వేగంలో పెట్టాను. తేదీ చెప్పాడు, చోటు చెప్పాడు. ఆగి, మళ్లీ అందుకున్నాడు.

"అమ్మగారూ, ఈ నెల వాన ఎక్కువండి. గబ్బిలాలు తగ్గినట్టున్నాయండి. మీరు వింటున్నారో లేదో మరి. ఉంటానండి."

వినలేదు నాయనా, ఒక్క నెల కూడా వినలేదు. సీట్లోనే ఏడ్చాను.

ఆ ముక్క ఆమెకు పంపాను. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది.

"పిల్లలు వదలకుండా వింటున్నారండి. మిగతా నెలలవి కూడా పంపండి. తొందరేం లేదండి."

"వెతుకుతానమ్మా," అన్నాను.

ఆమె నెలనెలా అడుగుతూనే ఉంది. నేను వెతుకుతున్నానని చెబుతూనే ఉన్నాను.