దించమన్న చెయ్యి

2019 పార్లమెంటు ఎన్నికలప్పటి మాట. సూరత్‌లో నేను పనిచేసే కార్ఖానాలో, మరమగ్గం బెల్టులో పడి మా బావ రాజయ్య రెండు వేళ్ళు తెగిపోయాయి. మా యూనియన్ నాయకుడు నర్సన్న నన్ను పిలిచి, "డిండోలి బస్తీల మన ఎలక్షన్ సభకు మన తెలుగోళ్ళందర్ని తోలుకరా. మీ బావ సంగతి మైకుల నువ్వే చెప్పు" అన్నాడు. డ్యూటీ దిగాక గదిగదికీ తిరిగి అందరినీ తీసుకెళ్ళాను.

నేను మైకు అందుకోగానే, యూనియన్ నిలబెట్టిన అభ్యర్థి ఇక్కడ ఓటున్నవాళ్ళను చేతులెత్తమన్నాడు. మావాళ్ళెవరూ ఎత్తలేదు. మా ఓట్లన్నీ తెలంగాణలో సొంతూళ్ళలోనే ఉన్నాయి. నర్సన్న మైకు లాక్కున్నాడు.

"ఓట్లు లేనోళ్ళను తెచ్చి నా ఇజ్జత్ తీస్తివి గదరా! దిగు."

అప్పుడు ముందు వరుసలోంచి బావ లేచి, వేళ్ళు తెగిన చెయ్యి పైకెత్తాడు.

"రాజయ్యా, జర చెయ్యి దించు. ఫోటోల పడ్తది" అన్నాడు నర్సన్న మైకులోనే.

"పడనియ్యి" అన్నాడు బావ. ఇద్దరు కార్యకర్తలు వచ్చి ఆయన్ను బలవంతంగా కూర్చోబెట్టారు.

నర్సన్న ఎదురుపడితే ఇప్పటికీ నేను పలకరించను. ఆ బెల్టులో ఇంకెవరి వేళ్ళూ పడకుండా మూత పెట్టించమని అడగాలనే ఆ రోజు వేదిక ఎక్కాను. మూత ఇంతవరకూ రాలేదు. బావ పని మానేశాక ఆ మగ్గం మీద నన్నే వేశారు.