భూమి కింద కూర్చున్నవాళ్లు

దసరా పోయిన రెండో ఆదివారం, పగలు మూడు గంటలు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో. ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, ఆ గంట ఎప్పుడు వస్తుందో అని ముందు రాత్రంతా భయపడి చచ్చాను కాబట్టి. నిన్న మా పక్కింట్లో కాలేజీ పిల్లలు ఫోనులో ఏదో ఆట ఆడుతున్నారు. గుహలోంచి ఏదో బయటికి వచ్చినట్టుంది. ఒకడు ఉలిక్కిపడనన్నా పడకుండా, "గిది నాకెరికే, నెత్తి మీద కొడితే సస్తది" అన్నాడు. ఒకప్పుడు ఇదే మాట మా తమ్ముణ్ని మళ్లీ మంచానికి అంటించబోయింది.

మా తమ్ముడు పుణెలో ఒక కంపెనీలో పని చేసేవాడు. బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు, ఉద్యోగం పోయింది, బోధన్‌లో మా ఇంటికి వచ్చి పడ్డాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఆ వానకాలం మొత్తం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాణ్ని ఇటు తిప్పింది నేనూ కాదు, డాక్టరూ కాదు, ఒక ఆట. పుణెలో గదిలో తనతో ఉండేవాళ్ల దగ్గర నేర్చుకున్నాడట. నేను నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. నాకు తెలిసిన కథ ఏమిటంటే, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు ఊఁ కొడతారు. ఈ ఆటలో ఊఁ కొట్టేవాళ్లు కథలోకే దిగుతారు. ఒకడు కత్తిదొర, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. భూమి కింద గుహలు, సొరంగాలు, వాటిలో రాక్షసులు. ఎదురుపడితే ఏం చేస్తావో నోటితో చెప్పాలి, అయ్యిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కథ నడిపేది మా తమ్ముడు. అంటే కింద ఎవడు కూర్చున్నాడో వాడొక్కడికే తెలియాలి.

ఆదివారాలు ముగ్గురు వచ్చేవారు. రుద్రూర్ నుంచి మా మేనత్త కొడుకు, చెరకు రైతు, ఆటలో కత్తిదొర. బస్టాండు దగ్గర మందుల షాపాయన. ఆటలో దొంగ, బయట మంచివాడే. మూడోవాడు బీడీ కార్ఖానాలో చెకర్. మేము ఆడవాళ్లం చుట్టి తెచ్చిన బీడీలను పరీక్ష చేసి, బాగాలేనివి ఏరి పక్కన పడేయడం అతని పని. ఆటలో మంత్రగాడు. నేను గడప మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ వినేదాన్ని. చాయ్ మూడుసార్లు పెట్టేదాన్ని. వాళ్లు అరుచుకుంటుంటే ఇల్లు పెళ్లిల్లులా ఉండేది.

చిక్కు ఏమిటంటే, ఏడాది తిరిగేసరికి ముగ్గురూ ఆరితేరిపోయారు. మా తమ్ముడు గొంతు మార్చి, కళ్లు పెద్దవి చేసి ఒక రాక్షసుణ్ని దింపుతాడు. మా మేనత్త కొడుకు చక్కిలం నములుతూనే, "రాతిమనిషి గదా. నీళ్లు పోయుర్రి, పగుల్తడు" అంటాడు. పాముమనుషులు, చచ్చి లేచినవాళ్లు, గుడ్డి గబ్బిలాలు, అన్నీ అయిపోయాయి. దసరా తర్వాతి ఆదివారం మందుల షాపాయన ఆవులించాడు. "అరె భాయ్, వచ్చే ఐతారం గిదే ఉంటె నేను షాపు తెరుసుకోని కూసుంట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ వాళ్లు పోయాక మా తమ్ముడు పాచికలు డబ్బాలో వేసి, మూత పెట్టి, గోడ వైపు తిరిగాడు. ఈ ముగ్గురు రావడం మానేస్తే వీడు ఇక ఇటు తిరగడు. నాకు తెలుసు.

మర్నాడు నేనే కదిపాను. "తమ్మీ, గా కింద ఇంకేమన్న పెట్టరాదురా?"

"ఏం పెట్టాలె అక్కా? అన్నీ ఎరికే వాళ్లకు."

"చెరుకు వేర్లు తినే పురుగు పెట్టు. పైకెల్లి పచ్చగనే ఉంటది, కింద మొత్తం కతమ్."

"బావ ఉండె గదనే. మందు కొట్టుర్రి అంటడు."

"చెదలు?"

"కిరసనాయిలు పోస్తరు."

"సొరంగంల దొంగలు?"

"మందుల షాపాయన వాళ్లకు జీతమిచ్చి మనతోనే తెస్తడు."

నాకు కోపం వచ్చింది. "కోరలున్నోడు, కొమ్ములున్నోడు ఎందుకురా? నేను జిందగీల దేనికి భయపడ్డనో గది పెట్టు. కార్ఖానాల చెకర్ ముందట కట్టలు పెట్టి నిలబడుడు." అని చాట పక్కన పెట్టి చేసి చూపించాను. ముఖం ఎత్తి మనిషిని చూడడు. ఒక బీడీ తీస్తాడు. రెండు వేళ్ల మధ్య నొక్కుతాడు. "మ్" అంటాడు. పక్కకు పడేస్తాడు. ఎందుకు పడేశాడో చెప్పడు. ఇంకొకటి తీస్తాడు. మా తమ్ముడు నవ్వాడు. నెలల తర్వాత పళ్లు కనిపించేలా నవ్వాడు. లేచి కూర్చుని, "మల్ల చెయ్యి అక్కా, గా మ్ అనుడు మల్లొక్కసారి" అన్నాడు. నేను మళ్లీ చేశాను. వాడు నవ్వుతున్నాడన్న సంబరంలో నాకు ఇంకేమీ తోచలేదు.

తోచింది శనివారం, కార్ఖానాలో నా వంతు వచ్చినప్పుడు. ముందు ఆ చెకరే. నా కట్ట విప్పాడు, ఒకటి నొక్కాడు, "మ్" అన్నాడు. అప్పుడు వెలిగింది. రేపు మా ఇంట్లో ఈ "మ్" వినబోయేది ఇతనే! అదెట్లా మరిచావమ్మా అంటారు. ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు నా చేతి చాయ్ తాగి "అక్కా, అల్లం మంచిగ పడ్డది" అనేవాడు. కార్ఖానాలో ఉన్నవాడు నా ముఖం ఎన్నడూ చూడనివాడు. నా లెక్కలో వాళ్లు ఇద్దరు మనుషులు. ఇంటికి పరుగున వచ్చి, "అది వద్దురా, ఆయనకు కోపమొస్తది, ఆట ఆగమైతది" అన్నాను. మా తమ్ముడు పాచికల డబ్బా ముందుకు లాక్కున్నాడు. "నా కాడ ఇంకోటి లేదు అక్కా" అన్నాడు.

ఆదివారం మూడింటికి ముగ్గురూ వచ్చారు. నేను ఆకు వంకరగా కత్తిరిస్తున్నాను. మా తమ్ముడు మొదలుపెట్టాడు. మెట్లు దిగితే ఒక పొడుగు గది. దీపాలు. చాపల మీద వరసగా మనుషులు, కళ్లు లేవు, చేతులు తెల్లగా ఉన్నాయి. ఆయుధాల్లేవు. ఒక్కొక్కరి వెనక ఒక గొయ్యి. "తెచ్చింది పెట్టుర్రి" అన్నాడు వాళ్లలో ఒకడు.

"ఏందిర వీళ్లు?" అన్నాడు మందుల షాపాయన. ముందుకు వంగాడు.

మా మేనత్త కొడుకు కత్తితో కొట్టాడు. పాచిక ఇరవై పడింది. అంతకంటే పెద్ద దెబ్బ ఆ ఆటలో లేదు. మా తమ్ముడు నింపాదిగా, "కత్తి మెడకు తాకింది. ఆయన గా కత్తినే పట్టుకోని, రెండేళ్లతోని నొక్కి సూసి, మ్ అన్నడు. గొయ్యిల ఏసిండు" అన్నాడు. అచ్చం నేను చేసినట్టే. మందుల షాపాయన బంగారం పెట్టాడు. నొక్కి, "మ్", గోతిలోకి. "ఇగ కత్తిదొర చెయ్యి పట్టుకున్నడు. వేళ్లు నొక్కి సూస్తున్నడు."

"అరె, నన్ను ఏస్తడా ఏంది!" మా మేనత్త కొడుకు నిజంగానే చేయి వెనక్కి లాక్కున్నాడు.

చెకర్ మాత్రం కదల్లేదు. మొదటి "మ్" దగ్గరే అతని ముఖం మారింది. రెండో దానికి తల తిప్పి గడప వైపు చూశాడు. నా ముఖం కాదు, నా చేతులు చూశాడు. నేను దారం చుట్టడం ఆపేశాను. లేచి చెప్పులు వేసుకుంటాడనుకున్నాను. కాళ్లు పట్టుకుందామా అని కూడా అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

"గీ మ్ అనేటోడు నాకెరికే" అన్నాడు చివరికి.

ఆ మాటకు మా తమ్ముడి చేతిలో పాచిక ఆగిపోయింది.

"ఎరికే గని, ఎట్ల గెలవాల్నో ఎరుక లేదు. వాడు మంది మీద కోపంతోని తీసెయ్యడు. తక్కువ తీసేస్తే పైకెల్లి సేట్లు వచ్చి వీని మెడ మీద కూసుంటరు. ఎక్కువ తీసేస్తే ముందటున్నోళ్లు శాపాలు పెడతరు. రాత్రి పండుకుంటె గూడ వేళ్లు నొక్కుతనే ఉంటయి." తన బొటనవేలు చూసుకున్నాడు. తర్వాత మంత్రగాడి గొంతుతో, "నేను మంత్రమెయ్య. ఒక్క మాట అడుగుత. అయ్యా, నిన్ను నొక్కి సూసేటోడు ఎవడు?"

మా తమ్ముడు ఈ ప్రశ్నకు సిద్ధంగా లేడు. వాడి ముఖం చూస్తే నాకు తెలుస్తుంది. పాచిక వెయ్యమన్నాడు. అది దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. చీపురుతో లాగింది నేనే. పద్నాలుగు, అంటే జవాబు రావాల్సిందే. తమ్ముడు కళ్లు మూసుకుని, ఆ గుడ్డివాడి లాగే తల కొంచెం వంచాడు. తర్వాత నాకు కూడా కొత్తగా వినిపించిన గొంతుతో, "కింద ఉంటడు" అన్నాడు. "మేం గూడ సూడలే. గొయ్యిలకు దిగినోడే సూడాలె."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మందుల షాపాయన మెల్లగా అడిగాడు: "ఎంత కింద?"

"గది వచ్చే ఐతారం."

"షాపుకు తాళమేసి వస్త" అన్నాడాయన. నేను చాయ్ పెట్టడానికి లేచాను.

ఆ తర్వాత కార్ఖానాలో నా బీడీలు తీసేయడం ఏమీ తగ్గలేదు. ఉన్నది చెప్పాలి కదా. కాకపోతే ఒకసారి చెకర్ తల ఎత్తి నా ముఖం చూసి, "అక్కా, గొయ్యి కింద ఏమున్నదో తమ్ముడు నీకు చెప్పిండా?" అని గుసగుసగా అడిగాడు. వెనక వరసలో ఉన్న ఆడవాళ్లు నాకేమైందో అతనికేమైందో తెలియక నోరు తెరిచారు. "నాకు గూడ చెప్తలేడు" అన్నాను. అది నిజం.

వాళ్లు ఇంకా ఎన్నో ఆదివారాలు వచ్చారు. ఎంత నవ్వి ఉంటామో. వాటిలో ఒక్కటి కూడా విడిగా నాకు గుర్తు లేదు. సుఖంగా పోయిన రోజులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. భయపడిన రోజే గంటతో సహా నిలబడి ఉంటుంది, ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో కూడా చెబుతుంది. మంచం మీద కాలు చాపుకుని మా తమ్ముడు, కిటికీ దగ్గర మా మేనత్త కొడుకు, స్టూలు మీద మందుల షాపాయన, చాప మీద చెకర్, గడప మీద నేను.