బరువు చూసి కొన్న బేస్ గిటార్

బేస్ గిటార్ ఎలా ఎంచుకోవాలో సలహాలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఫోన్ తెరిస్తే చాలు, టోపీ తిరగేసి పెట్టుకున్న ప్రతివాడూ చెక్క గురించీ తీగల గురించీ ఉపన్యాసం మొదలుపెడతాడు. నువ్వెక్కడ వాయిస్తావు, ఎంతసేపు నిలబడగలవు అని ఒక్కడూ అడగడు. నన్ను ఆ మాట అడిగిన మనిషి ఇప్పటిదాకా ఒక్కరే, విజయనగరంలో వాయిద్యాల షాపు నడిపే ఆయన. ఆయన్ని నేను పూచికపుల్లలా తీసిపారేశాను. అది చెప్పుకోవడం నాకేమీ గొప్ప కాదు. కానీ ఈ కథలో నాకంటే ఘనులున్నారు కాబట్టి చెబుతాను.

మాది వీణ ఇల్లు. నాన్నగారు వీణ మాస్టారుగా రిటైరయ్యారు. గుళ్ళో పండగ రోజుల్లో స్వామి ముందు వాయించడం తాతల నాటి నుంచి మా ఇంటి వంతు. నన్ను ఏడో ఏట వీణ ముందు కూర్చోబెట్టారు. ఇలాంటి ఇళ్ళలో పుట్టినవాళ్ళకి సంగీతం అబ్బినా అబ్బకపోయినా, మిగతా వాయిద్యాలన్నీ తక్కువవేనన్న నమ్మకం మాత్రం తప్పకుండా అబ్బుతుంది. కీబోర్డంటే ఆటబొమ్మ. డ్రమ్స్ అంటే గిన్నెల మోత. గిటారంటే సినిమావాళ్ళు పాటకోసం మెడలో వేసుకునేది. నేనూ ఆ తాను ముక్కనే.

అలాంటిదాన్ని కాలేజీ హాస్టల్లో స్నేహితురాలి బేస్ గిటార్ మీద పడ్డాను. దాని గొంతు వీణ మంద్రం కంటే కిందికి, నేలలోకి దిగినట్టుండేది. రెండేళ్ళు మంచం మీద కూర్చుని దానిమీదే నేర్చుకున్నాను. చదువైపోయాక ఆమె గిటార్ ఆమె పట్టుకుపోయింది.

ఇంటికొచ్చిన ఏడాదికి మా మేనమామ కొడుకు ఆర్కెస్ట్రాలోంచి, బేస్ వాయించే కుర్రాడు బరంపురం పార్టీలోకి వెళ్ళిపోయాడు. ఈ బావ కీబోర్డు వాయిస్తూ ఆ ఆర్కెస్ట్రా నడుపుతాడు. వాయిస్తాడు అనడం నా మంచితనం. పాడేవాడి గొంతు ఎక్కడుంటే అక్కడికి మీట నొక్కి శ్రుతి జరుపుతాడు, తాళం ఇంకో మీట వేస్తుంది, ఆయన వేళ్ళు ఆడిస్తూ జనంకేసి నవ్వుతాడు. అయినా సిగ్గు విడిచి ఆ చోటు నాకిమ్మని అడిగాను.

"ఆటలనుకున్నావేటే? మూడు గంటలు నిలబడి వాయించాల," అన్నాడు. "వచ్చే నెల్లో భావనపాడు జాతర పోగ్రాం ఉన్నాది. అక్కడ సివరిదాకా నిలబడ్డావంటే ఆ సోటు నీదే. నేకపోతే ఇంకొకడ్ని సూసుకుంటాను."

చెప్పొద్దూ, ఆ చోటు నాకు కావాలి. వీణ పట్టుకున్నంతకాలం నేను ఎక్కడికెళ్ళినా ఫలానా మాస్టారి కూతుర్ని. బాగా వాయిస్తే ఆయన చలవ, పాడుచేస్తే ఆయన పరువు. బేస్ గిటార్ పట్టుకుని నిలబడితే మా నాన్న ఎవరో ఎవరికీ పట్టదు. ఒక్క కార్యక్రమమైనా అలా నా పేరుమీద వాయించాలని నాకు ప్రాణం లాగేసేది.

షాపుకి వెళ్ళాను. షాపాయన తీగల పొట్లాలు సర్దుకుంటూ, "ఎవులికమ్మా?" అన్నాడు. నాకే అన్నాను. అప్పుడు లేచి నిలబడ్డాడు.

"కూకోని వాయిస్తారా, నిలబడా? గదిలోనా, బయట గ్రౌండ్లోనా? ఏదీ, మీ ఎడం సెయ్యి ఒకపాలి సాపండి సూద్దాం."

చెయ్యి చాపడానికి ఈయనేమైనా జాతకం చెబుతాడా అనుకున్నాను. చాపలేదు. ఆయన మూలనుంచి ఒక పొట్టి మెడ బేస్ తెచ్చాడు. "ఇది తేలిగ్గుంటాది. మెట్లు దగ్గిర దగ్గిరగా ఉంటాయి. ఆడపిల్లలకి ఇదే సుఖం," అన్నాడు. పైగా అది గులాబీ రంగు. ఆడపిల్లలన్న మాటతోనే నా చెవులు మూసుకుపోయాయి, రంగుతో కళ్ళు కూడా.

బొబ్బిలి వెళ్ళి వీణ కొనడానికి మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ముందు అతుకు ఉందేమో వెతుకుతారు. ఒకే పనస దుంగలోంచి నాదం మోగే కుండా, మెట్లుండే దండీ కలిపి తొలిచినదే వీణ, అతికించినది నేర్చుకునే పిల్లలకి. తర్వాత రెండు చేతులా ఎత్తి బరువు చూస్తారు. ఆ తర్వాత వేలి కణుపుతో కుండ మీద కొట్టి చెవి పెడతారు. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. పొట్టి గిటార్ వెనక్కి తిప్పి చూస్తే, కుర్చీకి కాలు బిగించినట్టు మెడని నాలుగు బోల్టులతో బిగించి ఉంది.

"ఇది అతుకు," అన్నాను.

"శానామట్టుకు అలాగే వస్తాయమ్మా."

గోడమీద పైన ఇంకొకటి వేలాడుతోంది. అయిదు తీగలది, పొడుగాటి మెడ, తల నుంచి అడుగు దాకా ఒకే చెక్క. దింపించాను. ఎత్తితే భుజాలు లాగాయి. కణుపుతో కొట్టి చెవి పెట్టాను. లోపల డొల్ల లేని గట్టి చెక్కని కొట్టి వినేదేముంటుంది? అయినా ఏదో తెలిసినట్టు తలూపాను. షాపాయన నవ్వు ఆపుకోవడం కనిపించింది. ఈయనకేం తెలుసు నాదం సంగతి అనుకున్నాను.

యాంప్లిఫైయర్ దగ్గరా ఇదే తంతు. ఆయన నడుమెత్తు నల్లపెట్టె చూపించి, "బయట వాయించాలంటే ఇలాంటిది కావాల. గోడలుండవు కదా, కింది సౌండు గాల్లో కలిసిపోతాది," అన్నాడు. గుండెలదిరేలా మోగించుకునే పెళ్ళిపార్టీల సరుకని మొహం తిప్పుకున్నాను. ఆ ఇరుకు గదిలో మోకాలెత్తు చిన్న యాంప్ పెట్టి వాయిస్తే ప్రతి గమకమూ ముత్యంలా వినిపించింది. నాదం దగ్గర కూర్చున్నవాడికి తెలిస్తే చాలు, ఊరందరికీ అక్కర్లేదని నాన్నగారు అంటూ ఉంటారు. అదే మాట షాపాయనకి అప్పజెప్పాను. "మీ ఇష్టమమ్మా," అని ఆయన ఆ చిన్న యాంప్‌కి తాడు కట్టడం మొదలుపెట్టాడు.

ఇంట్లో నాన్నగారు గిటార్ని రెండు చేతులా ఎత్తి చూసి, "బరువుగానే ఉన్నాది. మంచి సరుకే," అన్నారు. కణుపుతో కొట్టారు కూడా. మా ఇంట్లో తెలివికి ఎప్పుడూ కొదవలేదు.

వీణ బరువు నేల మోస్తుంది. గిటార్ బరువు ఒక్క భుజం మోస్తుంది. వీణమీద ఎడమచేతి రెండు వేళ్ళూ జంటగా జారుతూ పోతే సరిపోతుంది, దండి ఎంత పొడుగైతే ఏం? బేస్ మీద నాలుగు వేళ్ళూ చాపి ఒక్కో మెట్టుకీ ఒక్కోటి ఆనించాలి. ఇంతమంది సంగీత విద్వాంసులున్న ఇంట్లో ఈ ముక్క ఎవరికీ తట్టలేదు. సాధన కూడా నెలంతా చాపమీద కూర్చునే చేశాను. వీణ ఇంట్లో నిలబడి వాయించాలని ఎవరికి తోస్తుంది?

భావనపాడులో మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాం, పొద్దుగూకాక అమ్మవారి ఊరేగింపు ఉందని. ఇసుకలో స్టేజీ, వెనక ఒడ్డుకి లాగిన పడవలు, ఎదురుగా ఊరంతా. మైక్ సెట్టు ఆయన గుంజలకి రెండు హారన్లు కట్టాడు. వాటిలోంచి కీచుగొంతు తప్ప కింది శబ్దం రాదు. నా గిటార్ వైరు కూడా కలుపుకోమంటే, "నా మిక్సర్లో కాళీ నేదు. నీ పెట్టె నువ్వే సూసుకో," అన్నాడు. చూసుకుంటానన్నాను పొగరుగా.

నాలుగో పాటకి భుజం మండిపోయింది. ఏడో పాటకి చిటికెనవేలు వంకరపోయి మెట్టు అందనంది. తొమ్మిదో పాటలో ఎడమచెయ్యి మొత్తం బిగుసుకుపోయింది. వేళ్ళు తీగలమీద ఊరికే ఆనించి, కుడిచేత్తో గాలిలో మీటుతూ నిలబడ్డాను. ఇప్పుడు బావ తిరిగి చూస్తాడు, ఇప్పుడు డ్రమ్స్ అబ్బాయి పట్టేస్తాడు అనుకుంటున్నాను. పాట అయిపోయింది. చప్పట్లు కొట్టారు. ఇంకో పాట మొదలైంది.

స్టేజీ పక్కన నా యాంప్‌ని ఆనుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. చేపల బుట్ట బోర్లించుకుని దానిమీద కూర్చుంది. పాట మధ్యలో నా చీరకొంగు లాగి, "ఏటమ్మా, ఇందాకటిదాకా ఇది గుడగుడలాడింది. ఆపేసినావేటి?" అని అడిగింది. చెయ్యి పట్టేసిందమ్మా అన్నాను. "మరి ఆ దుంగ దించేసి కూకో. ఎందుకా మోత?" అంది. అంత జాతరలో నేను వాయించింది విన్నదీ, ఆపింది కనిపెట్టిందీ ఆవిడొక్కతే. దించలేదు. ఆ చోటు కావాలి కదా. ఆరింటిదాకా మూగగిటార్ మోస్తూ నిలబడ్డాను.

అయిపోయాక బావ కీబోర్డు స్టాండు మడుస్తూ, "సూసావా, సివరిదాకా నిలబడ్డావు. అదరగొట్టేసినావు. ఆ సోటు నీదే," అన్నాడు.

"తొమ్మిదో పాట నుంచి నేను వాయించలేదు బావా."

"ఔనేటి? నాకు తెల్లేదే," అన్నాడు. తెలియనందుకు సిగ్గు కూడా పడలేదు. "అయినా బేస్ ఎవులికి వినపడతాదే. ఆడపిల్ల గిటార్ ఏసుకోని ముందల నిలబడితే జనం సూస్తారు. మనకది సాలు."

పన్నెండేళ్ళుగా ఆర్కెస్ట్రా నడుపుతున్న మనిషి. పక్కనున్న వాయిద్యం గంటన్నర సేపు మూగపోతే తెలియని చెవులు. వ్యాన్ టెక్కలి దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను, ఎవరైనా అడిగితే భుజం నొప్పన్నాను. ఆయన్ని తిట్టుకోవడం అయ్యాక తిట్టడానికి ఇంకో మనిషి మిగిలింది. ఆయన నన్ను కంటితో చూసి ఎంచుకున్నాడు. నేను గిటార్ని చేతితో తూచి ఎంచుకున్నాను. చెవి ఇద్దరమూ వాడలేదు. సంగీతం తెలిసిన ఇల్లని ఏడో ఏట నుంచి విర్రవీగినదాన్ని నేను. ఆయనెప్పుడూ అలా అనలేదు పాపం.

మర్నాడు షాపుకి వెళ్ళి, ఆయన అడక్కముందే ఎడం చెయ్యి చాపాను. ఆయన నా బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా టేపుతో కొలిచి, పొట్టి మెడ గిటార్ తీసుకొచ్చాడు. ముందే చెప్పానని దెప్పి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. గులాబీది తప్ప వేరేది లేదన్నాడు. ఇవ్వమన్నాను. పట్టీ బిగించుకుని షాపులో గంటసేపు నిలబడే వాయించాను. నడుమెత్తు పెట్టెని గుమ్మం బయట పెట్టించి, ఆయన్ని వాయించమని, రోడ్డు అవతలికి, అక్కణ్ణుంచి సందు చివరిదాకా నడిచాను. "ఇంకా ఎంత దూరం ఎల్తారమ్మా?" అని అరిచాడు. వినిపించినంత దూరం వెళ్ళాను. ఆ పెట్టే తెచ్చుకున్నాను.

తర్వాతి కార్యక్రమం పాతపట్నంలో పెళ్ళి, సాయంత్రం, ఆరుబయట. మొదటి పాటలో శ్రుతీ సౌండూ సరిచూసుకున్నాను. రెండో పాట మధ్యలో బావ నవ్వడం ఆపేశాడు. ఒక మీట నొక్కాడు, ఇంకోటి నొక్కాడు, చివరికి నా వైపు తిరిగాడు.

"ఒసే, కాస్త తగ్గించవే. నాను వాయించేది నాకే వినపడ్డం నేదు."

మూడు గంటలూ తగ్గించలేదు.