ఓడెక్కిన మా అత్తకు ఎదురెవరు?

పోయిన మంగళవారం పొద్దున ఫ్యాక్టరీకి బయలుదేరబోతుంటే కృష్ణగిరి నుంచి ఫోను. మా బావ. "అమ్మ పోయిందప్పా. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించింది. కుర్చీలో కూచునింది. అంతే." తర్వాత తనే అన్నాడు: "పెట్టె సర్ది పెట్టుకోనుండాది. వచ్చే నెల ఓడకు."

మూకండపల్లి భజన మందిరంలో ప్రతి శనివారం పురాణం చెప్పే నా గొంతు భరించే మీకందరికీ ఆమె తెలుసు. కృష్ణగిరి నుంచి బస్సెక్కి వచ్చి, ముందు వరుసలో ఎడమ స్తంభానికి వీపు ఆనించి కూర్చునే మా మేనత్త. కిరాణా అంగడి ఆమెది. డెబ్బైకి ఒక ఏడాది తక్కువ. నేను ఏడుస్తూ రాయడం లేదు. ఆమె గెలిచి వెళ్లింది. ఓడిపోయినవాణ్ణి నేనే కాబట్టి నేనే రాయాలి.

నా చదువు తమిళ బడిలో, అదీ ఎనిమిది దాకా. ఇంట్లో మాట తెలుగే గాని అక్షరం రాదు. ఎండాకాలం సెలవుల్లో అత్త అంగడికి పొట్లాలు కట్టడానికి వెళ్లేవాణ్ణి. పొట్లాలకు తెచ్చిన పాత తెలుగు పేపర్ల మీద నా వేలు పట్టుకుని ఒక్కో అక్షరం దిద్దించింది. "చదివి కట్టప్పా. చదవకుండా చుట్టినావంటే లోపలుండే కందిపప్పు గూడా నవ్వుతుంది" అనేది. ఈ రోజు నా సంచిలో గ్రంథం ఉందన్నా, దాని మీద వేలు పెట్టి మీ ముందు గర్జిస్తున్నానన్నా, ఆ పొట్లాల చలవే.

మామ పోయినప్పుడు ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరు ప్రయాణం కట్టినా ఆమె బియ్యం మూటల గదిలోకి తప్పుకునేది. బయలుదేరే మనిషికి ముత్తైదువ ఎదురు రావాలి, మొగుడు పోయిన మనిషి కంటపడకూడదు. మన ఇళ్లలో ఈ మాట ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఎవరు తప్పుకోవాలో వాళ్లే తప్పుకుంటారు. కన్నకొడుకు పెళ్లికి తరలివెళ్తుంటే కూడా ఆమె మూటల వెనకే నిలబడింది. మేళం చప్పుడు వీధి మలుపు తిరిగాకే బయటికి వచ్చింది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

ఐదేళ్ల కిందట ఒకరోజు, పొట్లం పేపరులోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి నా ముందు పెట్టింది. మేడలు మేడలుగా తెల్లటి ఓడ.

"చెన్నైలో ఎక్కితే సింహళం దాకా పోయొస్తుందంట. నేను పోతాను."

"ఎవరితో అత్తా?"

"ఎవరితో ఏందప్పా? నాతోనే."

ఆ శనివారం నేను ఎలా గర్జించానో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సముద్రం దాటడం శాస్త్రం ఒప్పదు, అందులో ఆడది, అందులోనూ ఒంటరిది అన్నాను. పేరు చెప్పలేదు. అవసరమేముంది, మందిరమంతా ఎడమ స్తంభం వైపే చూసింది. ఆమె మోకాలు పట్టుకుని లేచి నిలబడింది.

"ఏమప్పా, పోయిన వారం లక్ష్మమ్మ కథ చెప్తివే. ఆయమ్మ యాడ పుట్టింది?"

"పాలసముద్రంలో."

"అయితే సముద్రం ఆయమ్మకు ఏమైతుంది?"

"పుట్టిల్లు" అన్నాను. అన్నాక గాని తెలియలేదు, ఎక్కడ ఇరుక్కున్నానో.

"ఆడది పుట్టింటికి పోతే దోషమని నీ గ్రంథంలో యాడుందో ఆ పేజీ తియ్యి. ఈడనే కూచునింటాను."

పేజీలు తిప్పాను. హారతి వేళ దాకా తిప్పాను. వెనక నుంచి ఎవరో "సామీ, దొరికిందా?" అన్నారు. మందిరం గొల్లుమంది. "నిదానంగా ఎతకనీండప్పా, ఓడకింకా నెల టైముంది" అని ఆమె నా తరఫున సర్దిచెప్పింది!

బయట చెప్పులు వేసుకునే చోట మాత్రం ఆ నవ్వు లేదు. "సముద్రం సంగతి నేను చూసుకుంటా. నువ్వు నీ గడప సంగతి చూడు. గ్రంథం సంచిలో ఏసుకోని నువ్వు బయలుదేరేటప్పుడు మీ అమ్మ యాడుంటుందప్పా?"

మా నాన్న పోయినప్పటి నుంచి, నేను చెప్పుల్లో కాళ్లు పెడితే చాలు, మా అమ్మ వంటింట్లోకి తప్పుకునేది.

"మీ అమ్మను ఎదురు రమ్మని పిలువు. ఆ పొద్దు నువ్వేం చెప్పినా నోరు మూసుకోని వింటాను."

ఆమె ప్రయాణం రోజు కారు తీసుకుని కృష్ణగిరి వెళ్లాను. కోడలు చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురు రావడానికి సిద్ధంగా ఉంది. "నువ్వుండమ్మా" అంది అత్త. లోపలి నుంచి నిలువుటద్దం మోయించి, వీధి గేటుకు ఆనించి, గడపకు ఎదురుగా నిలబెట్టించింది. కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. అద్దంలో చిలకపచ్చ చీర కట్టుకున్న మనిషి ఒకామె, చేతిలో పెట్టెతో, నేరుగా ఆమెకు ఎదురు నడిచి వచ్చింది.

"చూస్తిరా? నాకు నేనే ఎదురొచ్చినాను. ఇంతకంటే మంచి శకునం ఇంకేముండాది?"

ఎదురింటి అరుగు మీద ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను పెట్టె మోసుకెళ్లి కారులో పెట్టాను. అంత పెద్ద ప్రసంగం నేను ఇంతవరకు చెయ్యలేదు.

నాలుగు సార్లు ఓడెక్కింది, నాలుగు సార్లూ ఒక్కతే. ఒక్క మనిషికైనా గదికి ఇద్దరి ఛార్జీ తీసుకున్నారట. "ఇంకో మంచం మీద నా చీరలు పండుకున్నాయి, మారాణుల మాదిరి" అని నవ్వేది. భోజనాల హాలులో వడ్డించే పిల్లవాడు రెండో కుర్చీ చూసి "ఒక్కరేనా అమ్మా?" అని అడిగాడట. "ఒక్కటే. అయితే నిండు మనిషిని. రెండు గరిటెలు ఎయ్యి" అందట. తెల్లవారకముందే ఓడ పై అంతస్తు మీదికి ఎక్కి, చుట్టూ నీళ్లు తప్ప ఏమీ కనబడని చోట, కమ్మీ పట్టుకుని సూర్యుడి కోసం నిలబడేదట. "ఆడ తలుపే లేదప్పా. యాడని దాక్కునేది?" ప్రతిసారీ సీసాలో సముద్రపు నీళ్లు తెచ్చి లక్ష్మీదేవి పటం ముందు పెట్టేది. పుట్టింటి నీళ్లు.

వచ్చిన ప్రతి శనివారం నన్ను ఒకటే అడిగేది. "పిలిచినావా?" నేను గొంతు సవరించుకునేవాణ్ణి.

నిజం చెప్తాను, వినండి. వందమంది ముందు ఉరిమే నేను, ఐదేళ్లు, కన్నతల్లితో రెండు మాటలు అనలేకపోయాను. ప్రెస్ మెషిన్ మీద పని నాది. పక్కనున్నవాడికి వేళ్లు తెగడం ఈ కళ్లతో చూసినవాణ్ణి. అమ్మ ఎదురు వచ్చిన రోజే అలాంటిదేమైనా జరిగితే? ఇదీ నా భక్తి! నన్ను మోసిన కడుపు ఎదురు వస్తే కీడని ఏ దేవుడు చెప్పాడు? మీ ఇంటి తలుపు చాటున కూడా ఎవరో నిలబడి ఉన్నారు. ఆ తలుపు తియ్యకుండా మందిరానికి వచ్చి ఎన్ని దీపాలు పెడితే ఏం లాభం?

మొన్న శనివారం సాయంత్రం మందిరానికి బయలుదేరాను. ఎడమ స్తంభం దగ్గర ఎవరూ ఉండరు. గడపలో నిలబడి పిలిచాను.

"అమ్మా, ఎదురు రా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "బుద్ధుండే మాటేనా అది? మెషిన్ కాడ పన్జేసేటోడివి."

"అత్త చెప్పిందమ్మా."

"ఎప్పుడు?"

"ఐదేండ్లాయె."

తర్వాత పెరటి తలుపు గడియ తీసిన శబ్దం వినబడింది. ఇంటి పక్క సందులోంచి చుట్టూ తిరిగి మా అమ్మ వీధిలోకి వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. నవ్వాలో వద్దో తెలియని ముఖంతో, పడమటి నుంచి పడే ఎండకు కళ్లు చికిలించుకుని, నా వైపు నడవడం మొదలుపెట్టింది. గ్రంథం చేత్తో పట్టుకుని, ఆమె వచ్చేదాకా నేను గడపలోనే నిలబడ్డాను.