ఆపిల్ నీడలో నీలం చూసిన పుష్పలీల

పుష్పలీలది వరంగల్. భర్త అమరేందర్‌కు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే 2009లో లండన్‌లోని హారోకి వచ్చింది. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఫ్లాట్. ప్రైమరీ స్కూల్లో డిన్నర్ లేడీ. మధ్యాహ్నం పిల్లలకు బఠాణీలూ బంగాళాదుంపలూ వడ్డిస్తుంది. గట్టిగా మాట్లాడదు. ఆమె ఫ్రిజ్‌లో ఏముందో కూడా నాకు తెలుసు. అలాంటి మనిషిని చూసి కడుపు మండించుకుంటానని అనుకోలేదు.

మా చుట్టుపక్కల తెలుగిళ్ళలో నిశ్చితార్థమైనా సీమంతమైనా పళ్ళాలు సర్దేది నేనే. చదివింది ఐదో తరగతే అయినా, పదకొండు పళ్ళాలూ కొలిచి గీసినట్టు పెడతాను. నడుమ కొబ్బరికాయ, చుట్టూ నారింజలు. ఒక్క పండు పక్కకు జరగదు. 2014 వేసవిలో జయలక్ష్మి తన కూతురు సిరి నిశ్చితార్థానికి నాకు ఫోన్ చేయలేదు. ఉండబట్టలేక నేనే చేశాను.

"ఏమీ అనుకోకండి ఆంటీ. ఈసారి పుష్పలీలని అడిగాం. సిరికి ఆవిడ సర్దే పద్ధతి నచ్చింది. ఆవిడ ఇంకా ఏ సంగతీ చెప్పలేదులెండి."

ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పుష్పలీల బుధవారాలు లైబ్రరీలో బొమ్మల క్లాసుకు వెళ్తుంది. ఆ వారం నేనూ వెంటబడ్డాను.

"నీ విద్యేంటో చూస్తానమ్మాయ్."

"రా ఆంటీ, మంచిగుంటది," అంది సంతోషంగా. ఆ సంతోషానికి నాకు ఇంకా మండింది.

అక్కడ గోడ మీద ఒక బొమ్మ అంటించారు. ఫ్రాన్సులో ఇంప్రెషనిస్టులనే చిత్రకారులు ఉండేవారట, వాళ్ళలో ఒకాయన వేసింది. నలిగిన తెల్లగుడ్డ, ఆపిల్ పళ్ళు, ఓరగా ఒక కత్తి.

"గుడ్డ ఏం రంగుంది ఆంటీ?"

"తెలుపు. నాకు కళ్ళు లేవా?"

"దగ్గరికొచ్చి చూడు."

ముక్కు ఆనేంత దగ్గరకు వెళ్ళాను. తెలుపు ఎక్కడా లేదు. నీలం, గులాబీ, కాస్త పసుపు. నీడల్లో నలుపు చుక్కైనా లేదు, అంతా ఊదా. నారింజ రంగు పండు పక్కనే నీలం పడేసరికి పండు నిప్పులా ఉంది.

"కత్తి గట్ల వంకర పెడితెనే మన కన్ను దాని ఎంబడి లోపలికి పోతది. అన్నీ సక్కగ పెడితె ఆడనే ఆగిపోతది," అంది. నా పళ్ళాల మాట ఎత్తలేదు. అయినా తగలాల్సిన చోట తగిలింది.

గది మధ్య బల్ల మీద వీళ్ళు చూసి వేయడానికి పెట్టుకున్నవి ఉన్నాయి. నలిగిన గుడ్డ, నీలం కూజా, ఏడు ఆపిల్స్. ఒకటి పడిపోయేలా అంచున ఉంది. అందరూ టీకి వెళ్ళారు. నేను గుడ్డ సాపు చేసి, పళ్ళన్నీ కూజా చుట్టూ గుండ్రంగా పేర్చాను. అలవాటు కొద్దీ చేశానంటే అబద్ధం. పక్కనే పుష్పలీల సగం వేసిన బొమ్మ ఉంది. దాన్ని చూశాకే చేశాను.

వాళ్ళు తిరిగొచ్చి కొయ్యబారిపోయారు. టీచరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వు సర్దినవా ఆంటీ?"

"చిందరవందరగా ఉంటే..."

"మూడు వారాలసంది గదే ఏస్తున్నం."

పుష్పలీల తిట్టలేదు. గుడ్డ మడతలు ఒక్కొక్కటీ వేలితో లేపింది. పళ్ళు ఒక్కొక్కటీ పెట్టింది. తన బొమ్మలో ఇంకా వేయని పండు ఒకటి మిగిలింది.

"ఇది ఏడ ఉండె ఆంటీ?"

"కూజా పక్కన," అన్నాను. అంచున ఉండేదని నాకు బాగా తెలుసు.

అక్కడ పెట్టి, వెనక్కి జరిగి చూసింది. "కాదు. దీని నీడ నీలంగుండె. ఈడ పెడితె పచ్చగైతుంది," అంటూ అంచుకు జరిపింది. నా మొహం వైపు చూడలేదు.

బస్టాపులో తనే మాట ఎత్తింది. "జయలక్ష్మక్క పళ్ళాలు సర్దమన్నది. అది నీ పని గదా, నేనింక ఊ అనలే. ఏం చెప్పమంటవ్?"

నేను చేస్తానంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. ఆ ఆపిల్ గుర్తొచ్చి, "నువ్వే చెయ్యి," అన్నాను. బస్సు ఎక్కగానే జయలక్ష్మికి ఫోన్ చేసి, "పుష్పలీల చేత నేనే చేయిస్తున్నాను," అని చెప్పాను. పక్కనే కూర్చుని పుష్పలీల కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

నిశ్చితార్థం నాడు ఊదా గుడ్డ మీద అరటిపళ్ళు ఓరగా పడున్నాయి. అందరూ వాటి ముందే నిలబడ్డారు. నేను సర్దిన పళ్ళాల ముందు ఎవరూ ఎప్పుడూ అంతసేపు నిలబడలేదు.