నర్సింలు ఇవ్వని వంతులు

నర్సింలుకి ఫుట్‌బాల్ ఆడటం రాదు. ఈ సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది, లేకపోతే నేను చెప్పేదంతా విని అతనెవరో గొప్ప ఆటగాడనుకుంటారు. బంతి కాలి దగ్గరికొస్తే పాముని చూసినట్టు పక్కకి తప్పుకుంటాడు. అయినా బహ్రెయిన్‌లోని సిత్రాలో, పనివాళ్ళుండే మా పాత క్యాంపు జట్టులో ఎవరుండాలో, ఎవరు అక్కర్లేదో తొమ్మిదేళ్ళ పాటు తేల్చింది అతనే.

ఊరు మెట్‌పల్లి దగ్గర. ఇరవై తొమ్మిదో ఏట బహ్రెయిన్ వచ్చి పంతొమ్మిదేళ్ళున్నాడు. ఇన్నేళ్ళున్నా దీన్ని దుబాయి అనే అనేవాడు. దుబాయి వేరు, బహ్రెయిన్ వేరు నాయనా అని నేను దిద్దితే, మా భీమవ్వకి చెప్పండి సారూ, ఆమె ఒప్పుకుంటే నేనూ మారుస్తానని నవ్వేవాడు. భీమవ్వ అతని భార్య. ఊళ్ళో రెండెకరాలు ఆమే చూసుకుంటుంది.

పని స్కాఫోల్డింగ్ మేస్త్రి. చమురు ట్యాంకులకి మరమ్మతులంటే ముందు చుట్టూ ఇనప పైపులతో మంచెలు కట్టాలి. ఒకడి పైన ఒకడు అంతస్తుకొకడు నిలబడి, కిందనుంచి పైపు అందుకుని పైవాడికి అందిస్తారు. నలభై అడుగుల ఎత్తున ఆ పైపు ఒక్కటి జారితే కింద మనిషి ఉండడు. పంతొమ్మిదేళ్ళలో నర్సింలు మనుషుల చేతినుంచి ఒక్క పైపు కూడా జారలేదు. సేఫ్టీ ఆఫీసరుగా ఆ కాగితాలు నేనే చూశాను కాబట్టి చెబుతున్నాను.

నా సంగతీ చెప్పాలి. నాది తెనాలి. పేరు రామకృష్ణ, కాపురం సిత్రా బయట జింజ్ అనే పేటలో. యూరప్‌లో జరిగే మ్యాచి ఒక్కటీ వదలను. సిత్రా మొత్తానికి నాకంటే ఫుట్‌బాల్ తెలిసినవాడు లేడని నా నమ్మకం. మా ఆవిడ కోమల మాత్రం, సోఫాలో పడుకుని అంత బాగా ఆడేవాళ్ళు లోకంలో ఇంకెవరూ లేరంటుంది. పాత క్యాంపు జట్టుకి కాగితాల పని చూసే మనిషి కావాల్సి వస్తే నన్ను పిలిచారు. ఆట నేర్పడానికే పిలిచారనుకుని వెళ్ళాను.

సిత్రాలో ఆరు క్యాంపుల జట్లు చలికాలమంతా శుక్రవారాల్లో ఆడతాయి. ఒకప్పుడు ఏ క్యాంపువాళ్ళు ఆ క్యాంపుకే ఆడేవారు. అలా అయితే ఎప్పుడూ పెద్ద క్యాంపుదే గెలుపు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఏడు కొత్తగా వచ్చినవాళ్ళ పేర్లన్నీ ఒకే జాబితాలో రాస్తారు. అక్టోబరు మొదటి శుక్రవారం మెస్సు హాల్లో కూర్చుని జట్లు వంతులవారీగా మనుషుల్ని కోరుకుంటాయి. జట్టుకి మూడు వంతులు. కిందటేడు ఆఖరున నిలిచిన జట్టుది మొదటి వంతు. ఒకరి వంతులు ఒకరు మార్చుకోవచ్చు, కాగితం మీద సంతకాలుంటే చాలు.

రెండేళ్ళ కిందట ఆ జాబితాలో ముఖేష్ అని ఒక వెల్డరు పేరొచ్చింది. నిర్మల్ వైపు మనిషి, ఇరవై నాలుగేళ్ళు. సెప్టెంబరు ఎండలో అతన్ని మొదటిసారి చూశాను. క్యాంపు వెనక ఇసకా కంకరా కలిసిన నేల. అక్కడ బంతి ఎటు ఎగురుతుందో దేవుడికి కూడా తెలియదు. ముఖేష్ కాలి దగ్గర మాత్రం అది పెంపుడు పిల్లిలా పడి ఉంది. ఎదురొచ్చిన నలుగురూ అతన్ని దాటిపోయారు, బంతి వాళ్ళని దాటిపోయింది. నేను నోరు వెళ్ళబెట్టాను. టీవీలో వందసార్లు చూసినదే, పది గజాల దూరంలో చూసేసరికి ఒళ్ళు జలదరించింది. ఇలాంటివాడు సిత్రాలో వెల్డింగ్ చేసుకోవడమేమిటని బాధ కూడా కలిగింది.

మొదటి వంతు ట్యాంకుల క్యాంపుది. వాళ్ళ జట్టు పెద్ద గంగాప్రసాద్, క్యాంపు బాసు. అతని జట్టులో పదకొండు మంది నికరంగా లేరు. ఒక్క ముఖేష్‌ని తీసుకుని ఏం చేసుకోవాలి? అందుకని మాకు కబురు పెట్టాడు. మొదటి వంతు మీకిస్తాను, మీ వంతులు నాకివ్వండి అన్నాడు.

నాకు పండగే అయింది. ఎందుకంటే అది నర్సింలుకి ఆఖరి ఏడు. మార్చిలో వీసా ముగుస్తోంది, మోకాళ్ళు మంచె ఎక్కనివ్వడం లేదు, కంపెనీ ఖలాస్, ఇక చాలని చెప్పేసింది. తొమ్మిదేళ్ళలో రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్ళాడు, కప్పు రాలేదు. పోయేలోపు ఒక్కసారి మన కప్పు చూడాలని ఉంది సారూ అని నాతో నోరు విడిచి చెప్పాడు. అతను ఏదైనా కావాలని అడగడం నేను విన్నది ఆ ఒక్కసారే. క్యాంపులో అందరికీ అదే పట్టుదల, ఈసారి కప్పు నర్సింలు చేతిలో పెట్టి పంపాలని.

అతను వెంటనే ఔననలేదు. సగం రోజు సెలవు పెట్టి ముఖేష్ వెల్డింగ్ చేసే చోటికి వెళ్ళాడు. ఆట చూడటానికి కాదు, పని చూడటానికి. అది అతని పద్ధతి. మనుషుల్ని మైదానంలో చూసి ఎంచుకోడు, డ్యూటీలో చూసి ఎంచుకుంటాడు. నాకది శుద్ధ మొరటు పద్ధతిగా తోచేది. పెళ్ళికూతుర్ని రోలు దగ్గర చూసి ఎంచుకున్నట్టుందని ఎగతాళి కూడా చేశాను. సాయంత్రం తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అసుంటి మనిషిని నేను సూడలే సారూ. మూడు వంతులూ ఇచ్చేద్దాం," అన్నాడు.

ఆ మాటతో నేను గాలిలో తేలాను. కాగితం నేనే టైపు చేయించాను. మెస్సు హాల్లో ఆరు జట్లవాళ్ళూ చేరాక నర్సింలు ముందు పెట్టి అందులో ఉన్నది తెలుగులో చెప్పాను. ఈ ఏడు మన మూడు వంతులు, వచ్చే ఏడు మూడు వంతులు. గంగాప్రసాద్ ఆరడిగాడు, నేను సరేనన్నాను. ముఖేష్‌లాంటివాడికి ఆరేమిటి, అరవై ఇవ్వొచ్చు.

నర్సింలు పెన్ను పక్కన పెట్టేశాడు. ఈ ఏటివి మూడూ తీసుకో అని గంగాప్రసాద్‌ని అడిగాడు. ఆరైతేనే బేరం అన్నాడతను. మూడే అన్నాడు నర్సింలు. గంగాప్రసాద్ తల అడ్డంగా ఊపాడు.

నాకు ఒళ్ళు మండింది. అతన్ని పక్కకి లాక్కెళ్ళి నోటికొచ్చినట్టు మాట్లాడాను. వచ్చే ఏడు వచ్చేవాళ్ళకి ఇంకా వీసాలు కూడా కొట్టలేదు, వాళ్ళెవరో కూడా తెలియదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస అన్నాను. పైగా వచ్చే ఏడు నువ్వే ఉండవు కదా, నీకెందుకు అన్నాను.

"గందుకే సారూ," అన్నాడు. "మా దిక్కు కాల్వ నీళ్ళకు వంతులుంటయి. ఊరిడిసి పోయేటోడు తన వంతు ఎవలకన్న ఇయ్యచ్చు. అచ్చే యాసంగి పంట వంతు ఇయ్యరాదు. అది అచ్చేటోనిది."

వెళ్ళి తన చోట కూర్చున్నాడు. గంగాప్రసాద్ ముఖేష్‌ని తనే తీసుకున్నాడు. మా వంతు వచ్చినప్పుడు నర్సింలు మల్లేష్ పేరు చెప్పాడు. హాలంతా నవ్వు. మల్లేష్ ఇటుకలు మోసే మనిషి, ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు. స్నేహితులు సరదాకి అతని పేరు రాయించారు. నాకు తల కొట్టేసినట్టయింది.

గోల్‌కీపర్‌గా మల్లేష్‌ని చూశాక గానీ నాకు అర్థం కాలేదు. ఇటుకలు అందించేటప్పుడు అందరూ ఇటుకని చూస్తారట, మల్లేష్ మాత్రం విసిరేవాడి భుజాన్ని చూస్తాడట. నర్సింలు అది నాలుగు రోజులు చూసి పట్టుకున్నాడు. నెల తిరిగేసరికి ఎదుటివాడు కొట్టకముందే మల్లేష్ అటు కదలడం మొదలుపెట్టాడు. నేను పదిహేనేళ్ళు ఆట చూశాను. నేను చూసింది బంతిని మాత్రమేనని ఆ చలికాలంలో తెలిసొచ్చింది. నర్సింలు నా పక్కన నిలబడి, ఇప్పుడు ఆ పొడుగాయన ఎడమకి ఇస్తాడు అనేవాడు. ఇచ్చేవాడు. ఇప్పుడు మనవాడు భయపడ్డాడు అనేవాడు. ఆ మరుక్షణం మనవాడు తడబడేవాడు. ఎలా తెలుస్తుందని అడిగితే, పైపు అందుకునేవాడి మెడ చూస్తే తెలవదా సారూ అని నన్నే ఎదురడిగేవాడు. ఆ మనిషి పక్కన నిలబడటం నా అదృష్టమని అప్పుడే అనుకున్నాను. అతనితో మాత్రం అనలేదు.

ఫైనల్ దాకా వెళ్ళాం. ఎదుట ట్యాంకుల క్యాంపు. ఆఖరున నిలిచిన జట్టుని ముఖేష్ ఒంటిచేత్తో అక్కడిదాకా లాక్కొచ్చాడు. చెరో గోల్‌తో సమానంగా ఉండగా, ఇంకో రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా, ముఖేష్ మైదానం మధ్యనుంచి బయల్దేరాడు. మల్లేష్ అతని భుజం చూసి సరైన వైపే దూకాడు. బంతి అతని వేళ్ళని రాసుకుంటూ లోపలికి పోయింది. క్యాంపంతా నిశ్శబ్దమైపోతే ఒక్కడే చప్పట్లు కొడుతున్నాడు. తిరిగి చూస్తే నర్సింలు. కళ్ళలో నీళ్ళున్నాయి, చప్పట్లు మాత్రం ఆపలేదు.

మార్చిలో నా కారులోనే ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాను. దారిలో ఉండబట్టలేక అనేశాను, ఆ రోజు సంతకం పెట్టుంటే కప్పు నీ చేతిలో ఉండేది నర్సింలూ అని. నన్ను తప్పుబడతాడనుకున్నాను, లేదా ఆటలో గెలుపోటములు మామూలేనంటాడనుకున్నాను. ఉండేదే సారూ అన్నాడు. అంతే. పోగొట్టుకున్నది ఎంతో అతనికి తెలుసు. తెలిసే వదులుకున్నాడు.

అక్టోబరు వచ్చేసరికి ముఖేష్‌ని అతని కంపెనీ సౌదీ ప్రాజెక్టుకి పంపేసింది. మెస్సు హాల్లో నర్సింలు కుర్చీలో నేను కూర్చున్నాను. మా మూడు వంతులూ చెక్కు చెదరకుండా నా ముందున్నాయి. అంతకు ముందు మూడు వారాలు హెల్మెట్ పెట్టుకుని సైట్లన్నీ తిరిగాను. మొదటి వారం నాకు పైపులు తప్ప ఏమీ కనబడలేదు. రెండో వారం మల్లేష్‌ని వెంట తీసుకెళ్ళాను. మూడో వారం పరమేశ్ అనే పెయింటరు కనిపించాడు. నిచ్చెన మీద పక్కవాడికి రంగు అయిపోకముందే డబ్బా జరుపుతున్నాడు, అతను అడక్కుండానే. మొదటి వంతులో పరమేశ్‌ని కోరుకున్నాను. జనవరికల్లా జట్టులో ఎక్కువ గోల్స్ అతనివే.

సరిగ్గా సెమీఫైనల్ ముందు రిఫైనరీని ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని పడింది. పరమేశ్‌కి పన్నెండు గంటల డ్యూటీ, ఇంకో ఇద్దరికి ఓవర్‌టైం. గంగాప్రసాద్ జట్టు అప్పటికే ఓడి ఇంటికి పోయింది. అతను తన మంచి ఆటగాణ్ణి మాకిస్తానన్నాడు, వచ్చే ఏటి మా మొదటి వంతుకి బదులుగా. ఒక్క వంతే. కాగితం అతనే తెచ్చాడు. అబద్ధం చెప్పను, పెన్ను మూత తీశాను. పేరులో మొదటి అక్షరం రాయబోయాను. రాయలేకపోయాను. ఇంకా వీసా కూడా రాని ఒకడెవడో నా ఎదురుగా నిలబడి చూస్తున్నట్టనిపించింది. ఆనాడు నర్సింలుని నోటితో అన్ని మాటలన్నవాణ్ణి నేనే, చెయ్యి మాత్రం ఆగిపోయింది. కాగితం వెనక్కిచ్చేశాను.

పదిమందితో మొదలుపెట్టాం. రెండో సగంలో పరమేశ్ డ్యూటీ దిగి, రంగు మరకల బట్టలతోనే మైదానంలోకి పరిగెత్తుకొచ్చాడు. ఎలా గెలిచామో నాకే తెలియదు. తరవాతి శుక్రవారం ఫైనల్ కూడా ఒక గోల్ తేడాతో గెలిచాం. ఆరేడుగురు ఏడ్చారు. వాళ్ళలో నేనొకణ్ణి.

అక్కడే, మైదానంలోనే, నర్సింలుకి వీడియో కాల్ చేశాను. భీమవ్వ ఎత్తింది. పొలంనుంచి ఇప్పుడే వచ్చిండు, కాళ్ళు కడుగుతున్నడు అని ఫోను అందించింది. మల్లేష్ కప్పుని ఎత్తి పట్టుకున్నాడు. అందరూ ఒక్కసారి అరిచారు. నర్సింలు దానివైపు చూడలేదు. నా మొహమే చూస్తున్నాడు, మంచె కింద నిలబడి పైవాణ్ణి చూసినట్టు. అరుపులు తగ్గేదాకా ఆగాడు.

"సారూ, అచ్చే యేటి వంతులు మనయి మనకున్నయా?"

"ఉన్నాయి నర్సింలన్నా. మూడూ ఉన్నాయి."

అతను తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఫోనుని మొహానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"అట్లయితె కప్పు జర దగ్గరికి వట్టుండ్రి సారూ. మంచిగ సూస్త."