‘దర్వాజ ఎయ్యున్రి’ అనే సారు

మా ఏసీ తనిఖీ సారు పోయారని మొన్న శుక్రవారం పొద్దున ఫోను వచ్చింది. చేసింది ఆయన బిడ్డ. “అక్కా, అబ్బా నిద్రలనే పోయిండు. అమ్మీ నీకు చెప్పుమన్నది” అని, ఇంకేమీ అనలేక పెట్టేసింది. అప్పుడే పూజ ముగించి అగరొత్తి గుచ్చబోతున్నాను. అది చేతిలోనే సగం కాలిపోయింది.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటివారూ కాదు. నేను కోరుట్లలో ఒక బట్టల షోరూంలో చీరలు చూపించే పని చేస్తాను. ఆయన ఏడాదికోసారి జగిత్యాల నుంచి వచ్చి మా ఏసీలు పరీక్షించి పోయేవారు. మొదట అంతే పరిచయం. అయినా రోజూ పొద్దున షాపులో నేను దేవుడికి ధూపం వేయగలుగుతున్నానంటే అది ఆయన నిలబెట్టిందే. అందుకే ఈ నాలుగు మాటలు.

మా షోరూం ఉన్న కాంప్లెక్సులో అన్ని షాపులకూ కలిపి ఒకటే జనరేటరు. తెలంగాణ కొట్లాట జోరుగా సాగుతున్న రోజులవి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. జనరేటరు మీద బరువు పెరిగి కాంప్లెక్సువాళ్లు ఒక నియమం పెట్టారు. ఏసీ ఉన్న ప్రతి షాపూ ఏటా తనిఖీ చేయించుకోవాలి. ఏసీ అవసరానికి మించి కరెంటు లాగుతున్నదని తేలితే, బాగు చేయించుకునేదాకా జనరేటరు లైను ఇవ్వరు. ఆ తనిఖీకి కుదుర్చుకున్నది ఈ సారునే. కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి. తెల్లని పొట్టి చేతుల చొక్కా, భుజాన రెగ్జిన్ సంచీ. అందులో ఒక టార్చిలైటు, వేడి కొలిచే గొట్టం, తీగను పటకారులా పట్టుకునే మీటరు.

లోపల అడుగు పెట్టగానే నమస్కారం కన్నా ముందు ఆయన నోట వచ్చే మాట, “దర్వాజ ఎయ్యున్రి.” మా సేటు అద్దాల తలుపు బార్లా తెరిపించి ఉంచేవాడు. ఎండన పోయేవాళ్లకు చల్లగాలి తగిలితే లోపలికి వస్తారని ఆయన లెక్క. “రోడ్డుకు చల్లగాలి పెడితే ఏం పుణ్యం సేటు? గా ఎండ ఏమన్న తగ్గుతదా?” అని సారు నవ్వేవారు.

సకల జనుల సమ్మె జరిగిన ఏడాది, బతుకమ్మ పండుగ ముందర ఆయన వచ్చారు. బొగ్గు బాయిలు బంద్, బస్సులు బంద్. సిరిసిల్లలో మా అన్న సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. కరెంటు లేక అవి ఆగిపోయి ఉన్నాయి. మాకేమో పండుగ చీరలు అమ్ముకునే రోజులు. జనరేటరు లేకపోతే షాపు చీకటి.

మా షాపులో దేవుడి పటాలు ఏసీ గాలిని లోపలికి గుంజుకునే జాలీ కిందనే ఉండేవి. కావాలనే అక్కడ పెట్టించాడు సేటు. కింద సాంబ్రాణి వేస్తే ఏసీ ఆ వాసనను షాపంతా పంచుతుందని. నిజంగానే పంచేది. “గుడిలకచ్చినట్టున్నది” అని కొనేవాళ్లు అంటే సేటు మురిసిపోయేవాడు. ఆ ధూపం వేసే పని నాది. మా ఆయన పోయినంక నేను చేరిన మొదటి కొలువు అది. అక్కడ నిలబడి ఆ కాసేపు దేవుడితో మాట్లాడుకుంటే రోజంతా కాళ్ల మీద నిలబడే బలం వచ్చేది.

సారు స్టూలెక్కి జాలీ విప్పారు. నల్లగా, జిగటగా, దాని మీద చీరల నూగు దట్టంగా అట్టకట్టి ఉంది. టార్చి వేస్తే ఇవతలి వెలుతురు అవతలికి పోలేదు.

“సేటూ, మిషినికి ఊపిరాడుత లేదు. ఆడక ఆడక కరెంటు తాగుతున్నది. గిది పాసు చెయ్య.”

“పండుగ పూట గట్ల రాయకున్రి సార్. వచ్చే నెల చూసుకుందం.”

“కంట్లె వడ్డది రాయకపోతె తనిఖీ ఎందుకు?”

సేటు నా వైపు తిరిగాడు. “రేపటి సంది ధూపం బంద్ పెట్టమ్మా.”

మా క్యాషియరు ఊరుకోలేదు. అందరికీ వినపడేలాగే అన్నాడు: “సాయబుకు మన ధూపమే కనవడ్డదా?”

సారు స్టూలు దిగారు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, “బిడ్డా, ఒక అగరొత్తి ఇయ్యి” అన్నారు.

వెలిగించి ఇచ్చాను. దాన్ని పట్టుకుని మూసిన అద్దాల తలుపు దగ్గరికి పోయి, అంచు వెంట మెల్లగా పైనుంచి కిందికి జరిపారు. నిటారుగా లేస్తున్న పొగ ఒక చోట టక్కున వంగి సందులోకి పాకింది. “సూసిన్రా, చల్లగాలి గీడికెళ్లి పోతున్నది. పొగ అబద్ధమాడది. గీ సందు మూస్తే సిరిసిల్లల ఒక సాంచె తిరుగుతది.” మా అన్న సంగతి ఆయనకు తెలియదు. నాకు మాత్రం కళ్లు చెమ్మగిల్లాయి.

అప్పుడు సేటుతో అన్నారు: “నేను ధూపం బంద్ వెట్టుమనలే. దర్గల నేను గూడ ఊదు పొగ ఏస్త. పొగకు దారి కావాలె. మిషిని బంద్ వెట్టి, దర్వాజ తెరిచి ధూపం ఎయ్యున్రి. పొగ వోయినంక దర్వాజ ఎయ్యున్రి, మిషిని నడుపున్రి.” మళ్లీ నా వైపు చూసి, “పటాల మొఖం తూర్పుకే ఉండాలె గద బిడ్డా? అయితే గా గోడకు పెట్టు. జాలీకి దూరమైతది, తూర్పు గూడ తప్పదు” అన్నారు. మా పటాల దిక్కు గురించి ఆ షాపులో అంతవరకు అడిగినవారు లేరు.

ఆ రోజు సంతకం పెట్టలేదు. జాలీలు కడిగించి, సందులు మూయించమని చెప్పి, తెల్లారి మళ్లీ వస్తానన్నారు. బస్సుల్లేవు, ఎట్లా వస్తారులే అనుకున్నాం. పొద్దున్నే పాత స్కూటరు మీద దిగారు. “తొవ్వల రాస్తారోకో. నేను గూడ గాసేపు కూసొని జై తెలంగాణ అని వచ్చిన” అన్నారు. నేను అప్పుడే తలుపులు తెరిచి కొత్త గోడకు పెట్టిన పటాల ముందు ధూపం వేస్తున్నాను. ఆయన చెప్పులు విప్పి, పొగంతా వీధిలోకి పోయేదాకా బయటే నిలబడ్డారు. తర్వాత లోపలికొచ్చి, అలవాటు ప్రకారం, “దర్వాజ ఎయ్యున్రి” అన్నారు.

మీటరు చూసి పాసు చేశారు. క్యాషియరు తానే పోయి చాయ్ తెచ్చి తలవంచుకుని ఇచ్చాడు. “కాలుతదేమో సార్.” సారు ఒక గుక్క తాగి, “నిన్నటి నీ మాట కన్న చల్లగనే ఉన్నది తియ్యి” అన్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది క్యాషియరే.

తెలంగాణ వచ్చింది, కోతలూ తగ్గాయి. “ఇగ మన కరెంటే గద సార్, తనిఖీ ఎందుకు?” అన్నాడొకసారి సేటు. “మనదైనంక ఇంక పైలంగ, జాగర్తగ ఉండాలె” అన్నారు. మోకాళ్లు సహకరించినన్నాళ్లూ వస్తూనే ఉన్నారు. ఆ తర్వాత అప్పుడప్పుడు నేనే వాళ్లింటికి పోయి చూసి వచ్చేదాన్ని.

శుక్రవారం నేను జగిత్యాల పోయేసరికి ఇంటి నిండా మనుషులు. సారు భార్య నన్ను పక్కన కూచోబెట్టుకుంది. “ఇంట్ల గూడ గంతే బిడ్డా. ఫ్రిజ్ తీసి నిలవడనిచ్చేటోడు కాదు. ఆలోచించి తియ్యి, తీసి ఆలోచించకు అనేటోడు” అని నవ్వబోయి ఏడ్చింది. ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను.

ఆయన తల దగ్గర అగరొత్తులు వెలుగుతున్నాయి. పొగ కొంచెం నిటారుగా లేచి, వాకిలి వైపు వంగి, మెల్లగా బయటికి పోతోంది. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. నాకు తెలియకుండానే తలుపు దగ్గరికి వేయబోయి సగం లేచాను. మళ్లీ కూర్చున్నాను. ఆ రోజు ఆయన ఇంటి దర్వాజ బార్లా తెరిచే ఉంది.